పొద్దెక్కితే పులుపే!

బీరు ఫ్యాక్టరీ పెట్టాలంటే కోట్లు కావాలి. కోనసీమలో మాత్రం ఓ తాటిచెట్టు, ఓ మట్టి లొట్టి, ప్రాణాలకు తెగించి పైకెక్కే ఓ మనిషి ఉంటే చాలు. కాకపోతే ఆ సరుక్కి ఓ పంతం ఉంది. అది ఊరు దాటి మన దగ్గరకు రాదు. మనమే దాని దగ్గరకు వెళ్లాలి!

బీరు తయారీ అంటే పెద్ద తతంగం. బార్లీ గింజల్ని నానబెట్టాలి. మొలకలు రాగానే ఆరబెట్టాలి. మర పట్టి, వేడినీళ్లలో వేసి, తీపి రసం దించాలి. ఆ రసంలో హాప్స్ అనే పూలు వేసి మరిగించాలి. చల్లారాక ఈస్ట్ కలిపి రోజుల తరబడి పులియబెట్టాలి. ఇందుకోసం పెద్దపెద్ద తొట్లు, బాయిలర్లు, గొట్టాలు, కరెంటు, వాటిని చూసుకోవడానికి చదువుకున్న మనుషులు... ఇంత హంగామా ఉంటేగానీ ఒక్క గ్లాసు బీరు బయటకు రాదు.

తాటిచెట్టుకు ఇవేమీ అక్కర్లేదు. వేళ్లు నేల అడుగు నుంచి నీళ్లు తోడతాయి. ఆకులు ఎండలో చక్కెర వండుతాయి. ఆ రెండూ కలిసిన తీపి రసం అరవై డెబ్భై అడుగుల ఎత్తున గెలలోకి చేరుతుంది. అక్కడ కత్తి గాటు పడితే చాలు... చుక్కచుక్కగా లొట్టిలోకి దిగుతుంది. పోనీ పులియబెట్టడానికైనా ఈస్ట్ కొనుక్కు రావాలా అంటే అదీ లేదు. గాల్లో, గెల మీద, నిన్నటి కల్లు పీల్చుకున్న పాత లొట్టి గోడల్లో అది ముందే కాచుక్కూర్చుంటుంది. రసం పడటం ఆలస్యం, పని మొదలెట్టేస్తుంది. లొట్టి కిందికి దిగేసరికే నురగ కక్కుతూ ఉంటుంది.

ముడిసరుకు, యంత్రం, గోదాము... అన్నీ ఒక్క చెట్టే. ఇంత పొదుపైన ఫ్యాక్టరీ ప్రపంచంలో ఇంకోటి ఉంటుందా!

కొబ్బరి సీమలో తాటి పెత్తనం

కోనసీమ అనగానే కళ్లముందు మెదిలేది కొబ్బరి. ఓ పక్క గౌతమి, మరో పక్క వశిష్ఠ, మధ్యలో వైనతేయ, చివరికి బంగాళాఖాతం... నీళ్ల నడుమ ఒదిగిన ఈ నేల మీద అమలాపురం, రాజోలు, కొత్తపేట ఎటు వెళ్లినా కొబ్బరి నీడే. అంబాజీపేట మార్కెట్ పేరు చెబితే దేశంలో కొబ్బరి వర్తకులందరికీ తెలుసు. కానీ కల్లు దగ్గరకొచ్చేసరికి మాత్రం పెత్తనమంతా తాటిచెట్టుదే.

కేరళలో కల్లంటే కొబ్బరి కల్లే. కోనసీమ రైతుకు కొబ్బరి గెల అంటే కాయలు, కాయలంటే డబ్బు. గెలను గీస్తే కాయలుండవు. అందుకే ఇక్కడ ఆ పనిని ఎక్కువగా తాటిచెట్టుకు అప్పగించారు. తాడికి తోట అక్కర్లేదు. పొలం గట్టు, కాలువ గట్టు, లంకలో ఇసుక దిబ్బ... ఎక్కడైనా సరే మొలుస్తుంది. నీళ్లు పెట్టమనదు, ఎరువు అడగదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతా కాలువలు పరుచుకున్నాయి. కాలువలున్న చోట గట్లుంటాయి, గట్లున్న చోట తాళ్లుంటాయి. తుపాను గాలికీ అది తొందరగా తలవంచదు. 1996 నవంబరు 6 నాటి పెనుతుపాను కోనసీమ కొబ్బరి తోటల్ని ఏ స్థాయిలో నేలమట్టం చేసిందో పాతికేళ్లు దాటినా అక్కడివాళ్లు మర్చిపోలేదు. తీరప్రాంతాల్లో గాలికి అడ్డుగోడలా తాటిచెట్లు పెంచమని నిపుణులు చెప్పేది అందుకే.

ఇక ఆ చెట్టు ఇచ్చే వాటికి లెక్కే లేదు. ఎండాకాలం ముంజెలు, వానాకాలం తాటిపండు, చలికాలం తేగలు. ఇంటికి దూలం, కప్పుకు ఆకు, దడికి మట్ట. వీటన్నింటి మధ్యా చలికాలం చివర్నుంచి ఎండలు ముదిరేదాకా కల్లు.

సరిగ్గా అప్పుడే కోనసీమకు చుట్టాలూ ఎక్కువగా వస్తారు. సంక్రాంతికి హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి కార్లు రావులపాలెం దగ్గర జాతీయ రహదారి దిగి లోపలికి మళ్లుతాయి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూస్తారు. దిండిలో పడవెక్కుతారు. ఓడలరేవులో సముద్రం చూస్తారు. ఆ దారుల్లోనే కాలువ గట్టు పక్కన తాటాకు పాక, దాని ముందు నాలుగు లొట్లు కనిపిస్తాయి. బోర్డుండదు, మెనూ ఉండదు. లొట్టి మూతికి అడ్డం పెట్టిన కొబ్బరి పీచే ఫిల్టరు, మడిచిన తాటాకు డొప్పే గ్లాసు. కారు ఆపి ‘తియ్యటిది ఉందాండీ?’ అని అడిగితే ‘ఆయ్... తియ్యటిది కావాలంటే పొద్దుటే రావాలండీ’ అన్న జవాబు వస్తుంది. ఆ ఒక్క జవాబులో కల్లు శాస్త్రమంతా ఉంది.

ఎడారి దారిలోనూ ఇదే వరస

దారిన పోయేవాళ్లు గిరాకీగా బతికే ఇలాంటి చోట్లు ప్రపంచమంతా ఉన్నాయి. అమెరికాలోని కాలిఫోర్నియాలో మొహావే ఎడారి ఉంది. అందులోంచి పోయే 14వ నంబరు హైవే పక్కన ఇన్యోకెర్న్ దగ్గర ‘ఇండియన్ వెల్స్’ అని ఓ చిన్న బ్రూవరీ. 1995లో మొదలైంది. పర్వతాలకూ, డెత్ వ్యాలీకీ వెళ్లేవాళ్లు దారిలో ఆగి సీసాలు కొనుక్కుపోతుంటారు. ఎడారిలో బీరేమిటి అనుకుంటారేమో... అక్కడో ఊట ఉంది. 1849లో బంగారం వేటలో డెత్ వ్యాలీ దాటి వచ్చిన బృందాలు అయిదు రోజులు నీళ్లు లేకుండా నడిచి, చివరికి దాహం తీర్చుకుంది అక్కడే. తర్వాత గని కార్మికులకు అదే మజిలీ అయింది. ఇప్పుడు బ్రూవరీ అయింది. నీళ్లున్న చోట బాటసారి ఆగుతాడు, బాటసారి ఆగిన చోట వ్యాపారం నిలుస్తుంది.

అసలు సిసలు ఎడారి కల్లు చూడాలంటే మాత్రం ఆఫ్రికా వెళ్లాలి. సహారా అంచున ట్యునీసియాలో గాబెస్, తోజూర్ లాంటి ఒయాసిస్సుల్లో ఖర్జూర చెట్లను గీసి ‘లాగ్మి’ అనే రసం తీస్తారు. పొద్దున తాజాగా ఉన్నప్పుడు తియ్యగా ఉంటుంది. రంజాన్ మాసంలో ఉపవాసం విడిచాక కూడా ఆ తీపి రసాన్ని తాగుతారు. గంటలు గడిచేకొద్దీ పులిసి మత్తెక్కే పానీయమవుతుంది. రోడ్డు పక్కనే అమ్ముతారు. వేల మైళ్ల దూరం, వేరే భాష, వేరే మతం. అయినా చెట్టు చెప్పే మాట ఒక్కటే... ‘పొద్దుటే రావాలి’.

రోజూ వంద అంతస్తులు

పొద్దుటే రావాలన్నది తాగేవాడి సంగతి. గీసేవాడు అంతకంటే ముందే చెట్టు మీద ఉంటాడు. నడుమునూ, చెట్టునూ కలిపి చుట్టిన మోకు, పాదాలకు బందం, వెనక ఒరలో కత్తి, నడుముకు వేలాడే లొట్టి. కాళ్లతో చెట్టును పట్టుకుని మోకును ఓ జానెడు పైకి విసరాలి. దాని మీద బరువేసి కాళ్లను పైకి లాక్కోవాలి. మళ్లీ మోకు, మళ్లీ కాళ్లు. నిలువునా నున్నగా లేచిన చెట్టుకు కొమ్మా ఉండదు, రెమ్మా ఉండదు. వాన పడితే మాను జారుతుంది. పైన మట్టలకు రంపం పళ్లలాంటి ముళ్లు, ఆకుల మధ్య కందిరీగలు.

ఒక్కో చెట్టూ 60 అడుగులు అనుకుందాం. పది చెట్లను పొద్దునా, సాయంత్రం గీసే మనిషి రోజుకు 1,200 అడుగులు ఎక్కినట్టు. అంటే అంతస్తుకు 12 అడుగుల లెక్కన వంద అంతస్తుల మేడ! మెట్లు లేకుండా, లిఫ్టు లేకుండా. పైగా ఎక్కినంతా దిగాలి, దిగేటప్పుడు నడుముకు నిండు లొట్టి.

ఎక్కడం ఒక్కటే వస్తే గీత వచ్చినట్టు కాదు. మగచెట్టుకు వేళ్లలాంటి పూగెలలు వస్తాయి, ఆడచెట్టుకు ముంజెకాయల గెలలు. రెండింటి నుంచీ కల్లు తీస్తారు. అయితే కోయగానే రసం రాదు. కొన్నాళ్లపాటు రోజూ గెలను నెమ్మదిగా నొక్కుతూ, కట్టు కడుతూ, కొస చెక్కుతూ దారికి తెచ్చుకోవాలి. గట్టిగా నొక్కితే గెల చస్తుంది, మెత్తగా నొక్కితే రసం దిగదు. ధార మొదలయ్యాక రోజూ చిగురు వక్క ముక్కంత పల్చటి పొర చెక్కాలి. పొర మందమైతే నాలుగు రోజుల్లో గెల అయిపోతుంది. చెక్కకుండా వదిలేస్తే గాటు ఎండి ధార ఆగిపోతుంది. అందుకే ఈ ఫ్యాక్టరీకి ఆదివారం సెలవు లేదు. జ్వరమొచ్చినా, ఇంట్లో పెళ్లయినా ఎవరో ఒకరు చెట్టెక్కాల్సిందే.

ఇది ఏ పుస్తకంలోనూ రాసిపెట్టిన చదువు కాదు. తండ్రి కింద నిలబడి చెబుతుంటే కొడుకు పైన చేసి నేర్చుకున్నది. గౌడ, శెట్టిబలిజ, ఈడిగ, శ్రీశయన, యాత... పేర్లు ప్రాంతానికొకటి అయినా చేతిలో కత్తి ఒక్కటే, కింద పడితే పోయే ప్రాణమూ ఒక్కటే.

లొట్టిలో ఏం జరుగుతుంది?

గెల నుంచి అప్పుడే దిగిన రసాన్ని ‘నీరా’ అంటారు. అందులో 10 నుంచి 14 శాతం దాకా చక్కెర ఉంటుంది. మత్తుండదు. పిల్లలు తాగినా ఏమీ కాదు. కానీ ఆ అమాయకత్వం ఎక్కువసేపు నిలవదు. లొట్టిలో ఉన్న ఈస్ట్, బ్యాక్టీరియా చక్కెర మీద పడతాయి. దాన్ని ఆల్కహాలుగానూ, బొగ్గుపులుసు వాయువుగానూ మారుస్తాయి. ఆ వాయువే నురగ. నాలుక్కి తగిలే చురుకూ అదే. ఇంకోపక్క పాలను పెరుగు చేసే జాతి బ్యాక్టీరియా పులుపు తెస్తుంది. కొన్ని గంటల్లో ఆల్కహాలు 4 నుంచి 6 శాతానికి చేరుతుంది. అంటే మామూలు బీరుతో సమానం. అక్కడితోనైనా ఆగుతుందా అంటే ఆగదు. ఇంకో బ్యాక్టీరియా వచ్చి ఆ ఆల్కహాలును వెనిగరుగా మార్చేస్తుంది. మర్నాటికి అది తాగడానికి పనికిరాదు, ఊరగాయకు పనికొస్తుంది!

పులియడం వెనక సూక్ష్మజీవులున్నాయని ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ 1857లో పరిశోధన వెలువరించాడు. ఆ పేర్లేవీ తెలియకుండానే మన గీతకార్మికులు వాటిని చెప్పుచేతల్లో పెట్టుకున్నారు. పులవాలంటే లొట్టిని మరీ శుభ్రంగా కడగరు. నిన్నటి మడ్డే నేటికి తోడు. మనం పాలు తోడేసినట్టే. పులవకూడదంటే లొట్టి లోపల సున్నం పూస్తారు. సున్నానికి ఈస్ట్ ఆటలు సాగవు, రసం తియ్యగానే ఉంటుంది. కల్లులోని ఈ తోడు గుణాన్ని వంటింటికీ వాడుకున్నారు. కేరళలో అప్పాల పిండిని, గోవాలో రొట్టె పిండిని పొంగించడానికి కల్లే పోసేవారు.

ఇక్కడో మాట స్పష్టంగా చెప్పుకోవాలి. ‘కల్లు ఒంటికి చలవ, దానివల్ల ఏమీ కాదు’ అనుకుంటూ డొప్ప మీద డొప్ప లాగించేవాళ్లు చాలామంది. చెట్టు నుంచి దిగినంత మాత్రాన మద్యం మద్యం కాకుండా పోదు. బీరు తాగి బండి నడిపితే ఏమవుతుందో కల్లు తాగి నడిపినా అదే అవుతుంది. ఇరుకు రోడ్డు, పక్కనే కాలువ ఉండే కోనసీమలో అయితే మరీను. సంపాదనంతా దాని మీద తగలేస్తే ఇల్లు గుల్లవడమూ అంతే నిజం.

ఏరు దాటితే ఏమవుతుంది?

కోనసీమ నుంచి బయటకు వెళ్లే రుచులకు కొదవ లేదు. ఆత్రేయపురం పూతరేకులు అమెరికా విమానం ఎక్కుతాయి, 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. గౌతమి అవతలి రామచంద్రపురంలో 1919లో అద్దూరి రామచంద్రరాజు గోలీసోడాతో మొదలుపెట్టిన వ్యాపారం ‘ఆర్టోస్’ కూల్‌డ్రింకుగా మారి వందేళ్లు దాటింది. పూతరేకులో తడి లేదు, కాబట్టి నిలవుంటుంది. సోడా సీసాలో బిగించింది, కాబట్టి ప్రయాణం చేస్తుంది. కల్లుకు ఆ రెండూ లేవు. సీసాలో పోసి బిరడా బిగిస్తే లోపలి వాయువుకు పేలుతుంది. మరిగించి చల్లారిస్తే ఈస్ట్ చస్తుంది, దాంతోపాటు కల్లు రుచీ చస్తుంది.

మెక్సికోలో ఇలాంటి కథే ఒకటుంది. అక్కడి మెట్ట నేలల్లో కిత్తనార జాతి మొక్క నుంచి తీసే ‘పుల్కే’ కూడా గంటల్లో పులిసే పానీయమే. రైళ్లొచ్చాక రోజూ తెల్లవారేసరికి పీపాలు మెక్సికో సిటీకి చేరేవి. కొంతకాలం బాగా నడిచింది. కానీ నెలల తరబడి నిలవుండే సీసా బీరు వచ్చాక పుల్కే నిలబడలేకపోయింది. ఇరవయ్యో శతాబ్దంలో అది చాలావరకు బీరుకు దారిచ్చి పక్కకు తప్పుకొంది. రుచిలో ఓడిపోలేదు, ప్రయాణంలో ఓడిపోయింది.

మన దగ్గర జరిగింది ఇంకా ఘోరం. చెట్టు లేని నగరంలో కల్లుకు గిరాకీ ఉంది. చెట్టు నుంచి వచ్చేది చాలదు, వచ్చినా నిలవదు. ఆ ఖాళీని నింపడానికి కొందరు నీళ్లలో శాకరిన్, నురగ కోసం ఏదో పొడి, మత్తు కోసం నిద్రమాత్రల మందు కలిపి ‘కల్లు’ అని పేరు పెట్టారు. క్లోరల్ హైడ్రేట్, డైజీపామ్, ఆల్ప్రజోలమ్... డాక్టరు చీటీ మీద ఉండాల్సిన పేర్లు కల్లు కాంపౌండు కేసుల్లో కనపడటం మొదలైంది. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీకల్లు తాగినవాళ్లలో కొందరు చనిపోయారు, పదుల సంఖ్యలో ఆస్పత్రుల పాలయ్యారు. వాళ్లలో ఎక్కువమంది రెక్కాడితేగానీ డొక్కాడనివాళ్లే.

‘తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లంటారు’ అని సామెత. ఇప్పుడది తిరగబడింది. తాటిచెట్టు కనుచూపుమేరలో లేనిచోట ఏం తాగిస్తున్నా కల్లే అంటున్నారు! కల్లు నాణ్యతకు ఐఎస్ఐ మార్కు ఉండదు. తాగేవాడికి చెట్టు కనిపించడం, ఎక్కినవాడు కనిపించడం... అదొక్కటే దానికి పూచీ. గట్టు పక్క పాకకు ఉన్న విలువ అదే.

ఎక్కేవాళ్లేరీ?

మరి ఆ పాక ఎన్నాళ్లుంటుంది? ఇదే అసలు ప్రశ్న. విత్తు నాటిన పన్నెండు, పదిహేనేళ్లకుగానీ తాడి గెల వేయదు. అంటే ఇవాళ గీస్తున్న చెట్టు తండ్రో తాతో నాటింది, లేదా ఎవరూ నాటకుండానే మొలిచింది. నరకడానికి మాత్రం ఒక్క పూట చాలు. పొలాలు రొయ్యల చెరువులైన చోట గట్ల మీది చెట్లు పోతాయి. రోడ్లు వెడల్పయితే పోతాయి. ఇటుక బట్టీలకు కట్టెగానూ పోతాయి.

చెట్లకంటే ముందు మనుషులు తగ్గుతున్నారు. ఏడాదిలో కొన్ని నెలలే పని, పడితే ప్రాణమే పోయే పని. ఇంటర్ చదివిన కుర్రాడు మోకు ఎందుకు కట్టుకుంటాడు? కట్టుకోవాలని కన్నతల్లి మాత్రం ఎందుకు కోరుకుంటుంది? గల్ఫ్ వెళ్లడమో, ఊళ్లో చిన్న కొట్టు పెట్టుకోవడమో నయమనిపిస్తుంది. అందులో తప్పేమీ లేదు.

ప్రభుత్వాలు చేసినవీ ఉన్నాయి. చెట్టు మీంచి పడి చనిపోయిన గీతకార్మికుడి కుటుంబానికి ఇచ్చే పరిహారాన్ని ఆంధ్రప్రదేశ్‌లో 2022 నాటి కల్లుగీత విధానంలో 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచారు. 2025లో మద్యం దుకాణాల్లో 340 షాపులను ప్రత్యేకంగా గీత కులాలవాళ్లకు కేటాయించారు. ఆ కుటుంబాలకు అది ఆసరాయే. కానీ అందులో ఓ విచిత్రమూ ఉంది. తన చెట్టు సరుకుతో బతకలేనివాడికి దొరికిన దారి ఎక్కడో ఫ్యాక్టరీలో తయారైన సీసాలు అమ్ముకోవడం! మెక్సికోలో పుల్కేకు జరిగిందే ఇక్కడ మరో దారిలో జరుగుతోంది.

పరిహారం పడ్డాక ఇచ్చేది. పడకుండా చూసేది వేరే. తెలంగాణలో 2024 జులైలో ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో గీతకార్మికులకు సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టారు. కొండలెక్కేవాళ్లు వాడే లాంటి బెల్టులు, తాళ్లు అందులో ఉంటాయి. మోకు జారినా మనిషి గాల్లో ఆగిపోతాడు. శతాబ్దాలుగా చెట్టెక్కుతున్నవాడికి కొండెక్కేవాడి తాడు దొరకడానికి ఇన్నాళ్లు పట్టింది. వందల అడుగుల సెల్‌టవర్ ఎక్కే మనిషికి బెల్టు లేకుండా ఏ కంపెనీ అయినా పని చెబుతుందా? తాటిచెట్టు ఎక్కేవాడి విషయంలో ఆ ప్రశ్న అడగాలని ఎవరికీ తోచలేదు. ఎందుకంటే అతనికి కంపెనీ లేదు.

తీపిగానే ఉంచితే...

కల్లు కాకముందే నీరాను పట్టేసుకోవచ్చు కదా అన్న ఆలోచన ఇవాళ్టిది కాదు. మద్యనిషేధం కోరుకున్న గాంధీజీ గీతకార్మికుడి పొట్ట కొట్టాలనుకోలేదు. ఆ రసాన్ని కాచి తాటిబెల్లం చేయమన్నారు. స్వాతంత్ర్యానికి ముందు గ్రామీణ పరిశ్రమల సంఘం, ఆ తర్వాత ఖాదీ గ్రామోద్యోగ సంస్థలు ఆ పనిని భుజాన వేసుకున్నాయి. బెల్లం నిలవుంటుంది, ప్రయాణం చేస్తుంది. కాకపోతే రసం కాచడానికి గంటలకొద్దీ పొయ్యి మండాలి, బోలెడు కట్టెలు కావాలి. చెరకు బెల్లం ధరతో పోటీ పడాలి. అందుకే ఆ బెల్లం ఎక్కువగా మందుల కోసం కొనే సరుకుగానే మిగిలింది.

ఇప్పుడు మళ్లీ గాలి మారుతోంది. ‘చక్కెర మానేసి తాటిబెల్లం వాడుతున్నాం’ అనే పట్నం కుటుంబాలు పెరిగాయి. రంపచోడవరం దగ్గరి పందిరిమామిడిలో ఉద్యాన విశ్వవిద్యాలయం వారి పరిశోధన స్థానం తాటిచెట్టు మీదే పనిచేస్తోంది. నీరా, బెల్లం, పండు గుజ్జుతో చేసే పదార్థాల తయారీని పరిశోధించి నేర్పుతోంది. కేరళలోని కాసరగోడ్‌లో కేంద్ర తోటపంటల పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు గెలకు తగిలించే ఐసు పెట్టె తయారుచేశారు. రసం పడ్డప్పట్నుంచీ చల్లగా ఉంటుంది కాబట్టి సున్నం లేకుండానే తీపి నిలుస్తుంది. హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2023 మేలో నీరా కేఫ్ తెరిచారు. ఆవిధంగా తాటి రసం మొదటిసారి ఏసీ గదిలో కూర్చుంది.

ఇవన్నీ మంచివే. కాకపోతే ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. నీరా అయినా, కల్లయినా, బెల్లమైనా ముందు ఒక మనిషి చెట్టెక్కాలి. ఐసు పెట్టె కూడా తనంతట తాను పైకి పోదు. అన్ని పథకాలూ, అన్ని యంత్రాలూ అతను ఎక్కిన తర్వాతే మొదలవుతాయి. పట్నంలో సీసా నీరాకు ఎంత ధర పెట్టినా అందులో అతని వాటా ఎంతన్నదే లెక్క. ఆ వాటా కుర్రాణ్ని ఊళ్లో నిలిపేంత ఉంటే చెట్టు బతుకుతుంది. లేకపోతే తాటిచెట్టు నీడనిచ్చే అలంకారంగా మిగులుతుంది. తాడి నీడ ఏపాటిదో తెలిసిందేగా!

సంక్రాంతికో, వేసవి సెలవులకో కోనసీమ వెళ్లేవాళ్లు కల్లు తాగాలని ఏమీ లేదు. తాగనివాళ్లు ముంజెలు తినొచ్చు, దొరికితే తాటిబెల్లం తెచ్చుకోవచ్చు, పిల్లలకు చెట్టు మీది మనిషిని చూపించొచ్చు. పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. సర్కస్ అనుకుంటారు. అది సర్కస్ కాదనీ, ఆయన రోజూ పొద్దునా సాయంత్రం చేసే ఉద్యోగమనీ చెబితే బాగుంటుంది.

‘తాడెక్కేవాణ్ని ఎంతవరకు ఎగదోస్తాం’ అని మన పెద్దలన్నారు. నిజమే, కింద నిలబడ్డవాళ్ల చేతులు ఆరడుగుల ఎత్తుకు మించి అందవు. ఆపైన అతని ఒడుపే అతనికి దిక్కు. కానీ గట్టి తాడు, న్యాయమైన ధర ఇవ్వడానికి చేతులు అంత పైకి చాచక్కర్లేదు. కింద నిలబడి చేయగలిగిన సాయమే అది. ఎక్కడం అతని పని. క్షేమంగా దిగేలా చూడటం మిగతా అందరి పని.